చెంచయ్యకు 'గారు' తగిలిన వైనం

'ఒరేయ్' అనే మాటను మా ప్రత్తిపాడు ప్రాంతం నుంచి వెళ్లగొడుతున్న మహానుభావులు ఎవరో తెలిస్తే నాకు చెప్పండి. వాళ్లకు శాలువా కప్పి, ఎండుమిరపకాయల దండ వేసి, చిలకలూరిపేట దాకా మేళతాళాలతో ఊరేగించాలని ఉంది!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా రాస్తున్నాను.

ఎంత మొరటు మాటండీ అది! నోరు తెరవడం, అరవడం, అయిపోవడం. అదే 'గారు' చూడండి. పేరు వెనకాల చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఇక 'అండీ' అయితే మరీ ముచ్చట. వాక్యం చివర తలుపును చప్పుడు కాకుండా మెల్లగా మూసినట్టుంటుంది.

ఈ మర్యాద వల్ల దేశానికి ఎంత మేలు జరుగుతోందో మీకేం తెలుసు? మొన్నామధ్య మా పక్క ఊళ్లో ఇద్దరు రైతులు గట్టు దగ్గర తగాదా పడ్డారు. పాతకాలమైతే ఇద్దరి తలలూ పగిలేవి. కానీ ఇద్దరూ కొత్తగా మర్యాద మరిగినవాళ్లు. "తమరి తల పగలగొట్టమంటారా అండీ" అని ఈయన, "ముందు తమరు కానివ్వండి" అని ఆయన, "అబ్బే, పెద్దవారు తమరుండగా నేనా" అని మళ్లీ ఈయన. ఇట్లా బతిమాలుకుంటుంటే పొద్దుగూకింది. పారలు భుజాన వేసుకుని అన్నానికి పోయారు. ఈలోపల ఆ గట్టును ఎలుకలు తవ్వేసి, కాలవ కాస్తా కోసేసి, పొద్దున వచ్చి చూస్తే గట్టే లేదు. తగాదా పడటానికి ఆధారం లేకుండా పోయింది!

హైవే మీద ఒక జిన్నింగ్ మిల్లులో ఏమైందో విన్నారా? పత్తి లారీని లోపలికి రివర్స్ చేయిస్తున్నాడు గుమాస్తా. కొత్త గుమాస్తా, మర్యాదస్తుడు. "రానివ్వండి సార్... ఇంకాస్త రానివ్వండి... ఇక చాలు, దయచేసి ఆపం..." అంటుండగా గోడ పడిపోయింది. మిగిలిన 'డి' అనే అక్షరం గోడకు అవతల వినపడింది. గోడ పోతే పోయింది, మర్యాద నిలబడింది కదా!

అంతెందుకు, సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఫ్రీ అయిన కొత్తలో మా వీధిలో ఒకాయన పొద్దస్తమానం ఎవరూ ఎత్తని నంబరుకు ఫోన్ చేస్తుండేవాడు. ఎవరికయ్యా అని అడిగితే సిగ్గుపడ్డాడు. "మీరు డయల్ చేసిన వినియోగదారుడు అందుబాటులో లేరు" అని లోపల ఒక ఆడపిల్ల చెబుతుందట. తనను పుట్టి బుద్ధెరిగాక 'మీరు' అన్న మొదటి మనిషి ఆ పిల్లేనట. అందుకని రోజూ వింటున్నాడు.

ఇలాంటి మర్యాద యుగం మా చెంచయ్య ఇంటికి ఎట్లా వచ్చిందో, వచ్చి ఏం చేసిందో చెప్తాను. విన్నాక మీరే ఒప్పుకుంటారు.

చెంచయ్య మిరపా పత్తీ పండించే రైతు. అరవై దాటాడు. ఆయన చేను పక్కనే పీరు చేను. ఇద్దరికీ మధ్య ఒక గట్టు ఉందిగానీ, ఎప్పుడూ ఇద్దరూ దాని మీదే కూర్చుంటారు గనక అది ఎవరికీ అడ్డం కాలేదు. చిన్నప్పుడు ఒకే పలక మీద ఒకడు అటు, ఒకడు ఇటు రాసుకున్నవాళ్లు. రోజూ పొద్దున్నే పీరు చేనికి పోతూ చెంచయ్య ఇంటి గేటు దగ్గర ఆగి ఒక కేక వేస్తాడు.

"ఒరేయ్ చెంచిగా, తిన్నావట్రా?"

తిన్నా తినకపోయినా చెంచయ్య "లేదురా" అంటాడు. 'లేదు' అంటేనే పీరు లోపలికి వచ్చి, చెంచయ్య తినేదాకా కూర్చుని, కాఫీ తాగి, ఊళ్లోవాళ్లందరినీ నాలుగు తిట్లు తిట్టి, ఇద్దరూ కలిసి చేనికి పోతారు. నలభై ఏళ్లుగా ఇదే వరస. ఆ కేక విని వీధిలో కొందరు గడియారాలు సరిచేసుకునేవారంటే మీరు నమ్మకపోవచ్చు. నేనూ గట్టిగా చెప్పను.

చెంచయ్య మనవరాలు భవ్య. ఎల్‌కేజీలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు పిల్లల మధ్య తిరుగుతూ భవ్య దగ్గర ఆగి, బాక్స్ తిన్నావా అని ఇంగ్లీషులో అడిగారట. ఆ పిల్లకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో ఏమో, మూతి తుడుచుకుని, తల పైకెత్తి తిరిగి అడిగింది.

"తిన్నా. నువ్వు తిన్నావట్రా?"

ఆ సాయంత్రం భవ్య తల్లి శ్రీరమ్యను స్కూలుకు పిలిపించారు. శ్రీరమ్య బి.ఎడ్. చదివింది, ఎప్పటికైనా అదే స్కూల్లో టీచరుగా చేరాలని చూస్తోంది. ప్రిన్సిపాల్ ఎదుట తలెత్తుకోలేకపోయింది పాపం. ఇంటికి వచ్చి అందరినీ హాల్లో కూర్చోబెట్టి శాసనం చేసింది. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒరే, ఏరా, ఏమే, ఒసే అనకూడదు. అందరూ అందరికీ గారే. ఆమె భర్త కోటేష్, మిల్లులో సూపర్‌వైజరు, వెంటనే "అలాగేనండీ" అన్నాడు. ఆయన అంతకు ముందూ అదే అనేవాడు.

శాసనం అమల్లోకి వచ్చింది. మర్నాడు పొద్దున చెంచయ్య గొంతు సవరించుకుని, "సుబ్బరావమ్మ గారూ, కాస్త కాఫీ ఇప్పిస్తారా?" అన్నాడు. వంటింట్లో ఉన్న ఆయన భార్య, ఎవరో చుట్టాలొచ్చారనుకుని చీర సర్దుకుని, మంచి గ్లాసులో కాఫీ పోసి తెచ్చింది. చూస్తే మొగుడు!

"బాగుందమ్మాయ్ ఈ పద్ధతి," అంది సుబ్బరావమ్మ కోడలితో. "కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ నేను ఏమండీ అంటూనే ఉన్నా. బదులు రావడానికి ఇన్నేళ్లు పట్టింది."

చిక్కల్లా గేదెతో వచ్చింది. "లేవండి, పాలివ్వండి" అంటే అది పక్కింటివాళ్లనేమో అన్నట్టు చూసేది. మొదట్లో పాలు చేపలేదు. తరవాత దానికీ మర్యాద ఎక్కి, ఎవరైనా 'లేవవే' అంటే తల తిప్పుకునే స్థితికి వచ్చిందని సుబ్బరావమ్మ చెప్తుంది. ఆమె అబద్ధం ఆడదు. నేను ఆడతానేమోగానీ.

ఇంతవరకూ అంతా బ్రహ్మాండంగా ఉందా? ఇక పీరు దగ్గరికి వద్దాం.

శాసనం అమలైన ఆ మొదటి పొద్దున పీరు ఎప్పటిలాగే కేక వేసి లోపలికి వచ్చాడు. శ్రీరమ్య కాఫీ ఇస్తూ, ఎంతో నెమ్మదిగానే చెప్పింది. "పీరు బాబాయ్ గారూ, ఏమీ అనుకోకండి. పాప ముందు మామయ్యగారిని ఒరే అనకండి. అది వినేసి స్కూల్లో అంటోంది."

పీరు కాఫీ మొత్తం తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. "అలాగేనమ్మా. పిల్ల బాగుపడాలి గదా," అన్నాడు. కండువా దులుపుకుని లేచి, చెంచయ్య వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

"చెంచయ్య గారూ, వెళ్లొస్తానండీ."

చెంచయ్య పడీపడీ నవ్వాడు. వీడు భలే ఆట పట్టిస్తున్నాడే అనుకున్నాడు. ఆ నవ్వు చేను దాకా ఉంది. గట్టు మీద కూర్చుని, "ఏరా పీరుగా, ఎంతసేపు నటిస్తావు? ఇక్కడ కోడలు లేదుగా," అన్నాడు.

"తమరు పెద్దవారు. ఎక్కడైతే ఏం లెండి," అన్నాడు పీరు. తన వైపు గట్టు దిగి, తన మిరప సాళ్లలోకి పోయాడు.

చెంచయ్యకు ఆ రోజు అన్నం సయించలేదు.

మీరు అడగొచ్చు, గౌరవిస్తే బాధేమిటయ్యా అని. అదే నేనూ అంటున్నాను! మనిషికి వయసొచ్చిన కొద్దీ గౌరవం దానంతటదే పెరుగుతుంది, పొలంలో గరిక లాగా. చెంచయ్య వీధిలో ఎదురైతే కుర్రాళ్లు తాతయ్యా అంటారు, నడివయసువాళ్లు పెదనాన్నా అంటారు, బ్యాంకులో సార్ అంటారు, బస్సులో కండక్టరు పెద్దాయనా అంటాడు. ఒరే అనే హక్కున్నవాళ్లు ఒకప్పుడు ఊరినిండా ఉండేవారు. తల్లి అనేది. మేనమామ అనేవాడు. బడిపంతులు బెత్తంతో పాటు అనేవాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఆ మాటను కూడా తమతో పట్టుకుపోయారు. చివరికి చెంచయ్యను ఒరే అనగలిగిన నోరు ఈ భూమి మీద ఒక్కటే మిగిలింది. అదిప్పుడు చేతులు జోడించి 'తమరు' అంటోంది.

ఒరే అంటే, వీడింకా కుర్రాడే అని ఎవరో ఒకరు పూచీ పడ్డట్టు. ఆ పూచీ తీసేస్తే చెంచయ్య ఒక్కరాత్రిలో ముసలివాడైపోయాడు. మోకాళ్ల నొప్పులు కూడా అప్పుడే మొదలయ్యాయట. డాక్టరుకు చూపిస్తే ఆయనా 'రండి చెంచయ్య గారూ' అన్నాడు. నొప్పి ఎక్కువైంది.

ఇక లాభం లేదని చెంచయ్య ప్రయత్నాలు మొదలుపెట్టాడు. ఎవరికైనా కోపమొస్తే మర్యాద జారుతుంది గదా. పీరుకు కోపం తెప్పించాలి.

పీరు చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగితే, ఒక చెప్పు తీసి కందిచెట్టు కొమ్మకు తగిలించాడు. పీరు ఒంటికాలి చెప్పుతో నిలబడి చుట్టూ చూశాడు, కొమ్మకేసి చూశాడు. "తమరి చెట్టుకు ఈసారి మంచి కాపు వచ్చిందండీ," అని చెప్పు కోసుకుని వెళ్లిపోయాడు.

పీరు చేనుకు పోయే నీళ్లు తన చేలోకి తిప్పుకున్నాడు. "మీ చేనుకు దాహం ఎక్కువనుకుంటానండీ. తాగనివ్వండి," అన్నాడు పీరు.

చివరికి కట్టు విప్పి గేదెను పీరు చొప్పవామి మీదికి తోలాడు. ఇది పెద్ద నేరం. దీనికి మామూలుగా అయితే ఏడు తరాలనూ లేపి తిట్టాలి. చెంచయ్య వరండాలో కూర్చుని, ఆ తిట్ల కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాడు. గేటు దగ్గర పీరు కనపడ్డాడు. తల మీద కండువా తీసి భుజాన వేసుకున్నాడు.

"చెంచయ్య గారండీ, తమరి గేదెగారు మా వామి దగ్గరికి దయచేశారు. కడుపారా ఆరగించారు. తమరొచ్చి తీసుకెళ్తారా, మమ్మల్ని సాగనంపమంటారా?"

ఆ మాటకు నవ్వు రావాలి. చెంచయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గేదె వెనకాల నడిచి వస్తూ పీరు ఇంటి ముందు ఆగాడు. పీరు భార్య రహమతున్నీసా వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఏమ్మా, వాడికి నా మీద అంత కోపమేంటి అని అడిగాడు.

"కోపమేం లేదన్నయ్యా," అందామె చేట ఆపకుండా. "మీ కోడలు తప్పేం అనలేదని ఆయనే అన్నాడు. కాకపోతే ఇన్నేళ్లూ ఆ ఇల్లు తనదే అనుకుంటున్నాడట. ఎట్లా పిలవాలో చెప్పించుకున్నాక పరాయివాళ్లమనేగా అన్నాడు. పరాయివాళ్లు గారు అనడమే గదా పద్ధతి."

చెంచయ్య గేదె తాడు చేతికి చుట్టుకుని ఇంటికి నడిచాడు. కోడలికి ఈ మాట చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాడు. ఆ పిల్ల భవ్యకు 'నమస్కారమండీ' అనడం నేర్పిస్తూ ఎంతో సంతోషంగా ఉంది. నోరు మూసుకున్నాడు.

కాయ కోతలయ్యాయి. ఇద్దరి మిరపకాయలూ ఎప్పటిలాగే ఒకే కల్లంలో, పక్కపక్కన ఆరబోశారు. కాయలు కలవకుండా మధ్యలో ఒక తాడు పడేశాడు పీరు. అంతకు ముందు ఏ ఏడూ ఆ తాడు లేదు.

ఆదివారం మధ్యాహ్నం. ఎర్రటి కాయలు, తెల్లటి ఎండ. చెంచయ్య పాకలో మంచం మీద పడుకుని ఉన్నాడు. కల్లం అవతల చివర పీరు కాయలు తిరగబోస్తున్నాడు. ఉన్నట్టుండి గాలి మళ్లింది. పడమర నుంచి మబ్బు లేచింది, మామూలు మబ్బు కాదు, చెప్తే నమ్మరు, గుంటూరు మిర్చి యార్డులో ఉన్న టిక్కీలన్నీ, అంటే కాయల బస్తాలన్నీ, ఒకదానిమీద ఒకటి పేర్చినంత మబ్బు. ఎండుకాయ మీద వాన పడితే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఏడాది కష్టం తెల్లబోయి ధర పలకని తాలు కాయ అవుతుంది.

పీరు పాకవైపు తిరిగాడు. "చెంచయ్య గారండీ, తమరు కాస్త లేస్తా..."

మొదటి చినుకు ఆయన ముక్కు మీద పడింది.

"ఒరేయ్ చెంచిగా! వానరా! లేరా!"

చెంచయ్య విన్నాడు. చెవుల్లో కొబ్బరినూనె పోసినట్టు చల్లగా విన్నాడు. లేవలేదు.

"ఒరేయ్! నిన్నేరా చవటా! చచ్చావట్రా!"

చెంచయ్య కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. చినుకులు పెద్దవయ్యాయి. పీరు పరుగున వచ్చి మంచాన్ని ఒక్క తన్ను తన్నాడు. అప్పుడు లేచాడు చెంచయ్య. ఇద్దరూ టార్పాలిన్ పట్టాలు లాగారు. ఎవరి కాయలు ఎవరివో చూసుకునే టైము లేదు, తాడు ఎటుపోయిందో తెలియదు. ఒక పట్టా ఇద్దరి కాయల మీదా పడింది.

"చెవుడొచ్చిందిట్రా నీకు? గొంతు పగిలేట్టు అరిచాను."

"మొదటిసారే వినపడింది."

"మరి లేవలేదేం?"

"మళ్లీ అంటావేమోనని," అన్నాడు చెంచయ్య.

పీరు పట్టా కొస పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. గడ్డం మీదుగా వాన కారుతోంది. "నీ దుంపతెగ," అన్నాడు చివరికి. "దానికోసం కాయ తడుపుకుంటావట్రా? ముందే చెప్పి ఏడిస్తే పొద్దున్నే వచ్చి అనిపోదును గదరా."

"నువ్వు కల్లంలో తాడేశావు."

"నువ్వు నా చెప్పు చెట్టుకేశావు."

ఈలోపల కోటేష్, శ్రీరమ్య ఇంకో పట్టా వేసుకుని మోటార్ సైకిల్ మీద వచ్చి పడ్డారు. నలుగురూ నాలుగు కొసలు పట్టుకున్నారు. గాలి గట్టిగా కొట్టింది. కోటేష్ పట్టుకున్న కొస జారబోయింది. బి.ఎడ్. చదివిన శ్రీరమ్య, ఇంట్లో శాసనం చేసిన శ్రీరమ్య, కల్లం దద్దరిల్లేట్టు అరిచింది.

"ఒరే కోటేష్, వదలకురా!"

వాన కూడా ఒక్క క్షణం ఆగిందని చెంచయ్య ఇప్పటికీ చెప్తాడు. కోటేష్ మాత్రం ఆ కొసను ప్రాణం పోయినా వదల్లేదు. సాయంత్రం దాకా ఏదో ప్రమోషన్ వచ్చినవాడిలా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

వాన వెలిసింది. కాయ చాలావరకు దక్కింది. పాక వైపు ఉన్న చెంచయ్య కాయలు కొన్ని మాత్రం నానిపోయాయి. శ్రీరమ్య జుట్టు పిండుకుంటూ, ఇవెట్లా తడిశాయి, మీరిద్దరూ ఇక్కడే ఉన్నారుగా అని అడిగింది. చెంచయ్య నేల చూపులు చూశాడు. జవాబు పీరు చెప్పాడు.

"ఏం చెయ్యనమ్మా. 'చెంచయ్య గారూ, తమరు దయచేసి లేస్తారా అండీ, వరుణదేవుడు వస్తున్నారు' అని మర్యాదగానే లేపాను. అదయ్యేసరికి తడిశాయి."

శ్రీరమ్య ఆయన మొహంలోకి చూసింది. మామయ్య మొహంలోకి చూసింది. కాసేపు తన చేతిలో ఉన్న పట్టా కొస కూడా చూసుకుంది. ఆమె తెలివైన పిల్ల. తన శాసనానికి అక్కడికక్కడే ఒక సవరణ చేసింది. వాన వచ్చేటప్పుడు మాత్రం ఎవరు ఎవరినైనా ఎట్లాగైనా పిలవచ్చు.

కాబట్టి పాఠకులారా, నేను మొదట చెప్పిన ఊరేగింపుకు ఏర్పాట్లు చేయండి. మా ఊళ్లో మర్యాద ఇప్పటికీ ఒక్క పిసరు తగ్గకుండా అమలవుతోంది. భవ్య ప్రిన్సిపాల్ గారిని 'తిన్నారా అండీ' అని అడుగుతోంది, కాకపోతే 'తిన్నావట్రా' అన్నప్పుడు లోలోపల వచ్చినట్టు ఆయనకే ఇప్పుడు నవ్వు రావడం లేదట. ఎవరూ నియమం తప్పడం లేదు. కొంచెం వాతావరణంలోనే మార్పు వచ్చింది.

ఆ ఏడు రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. పీరు చెంచయ్య ఇంటి గేటు దగ్గర ఆగాడు. వరండాలో శ్రీరమ్య ఉంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"అమ్మాయ్, మబ్బేసినట్టు లేదూ?"

శ్రీరమ్య కూడా తలెత్తి చూసింది. ఎండకు ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

"అవును బాబాయ్ గారూ. బాగా నల్లగా ఉంది."

పీరు గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ చెంచిగా, తిన్నావట్రా?"

అప్పటికే తిని, చెయ్యి కడుక్కుని, తలుపు వెనకాల కాచుకుని ఉన్న చెంచయ్య, "లేదురా," అన్నాడు.